మేలో కొలత, అక్టోబరులో నిర్ణయం: భూగర్భజలాల లెక్క

చాలా మండలాల్లో బడి ఆవరణలోనో పంచాయతీ ఆఫీసు గోడ పక్కనో మోకాలెత్తు గొట్టం ఒకటి కనిపిస్తుంది. పైన మూత, మూతకు తాళం, చుట్టూ చిన్న సిమెంటు దిమ్మె. మోటారు ఉండదు, ఎవరూ నీళ్లు తోడరు. అందుకే చాలామంది దాన్ని ఫెయిలైన బోరు అనుకుంటారు. అది పీజోమీటరు, అంటే నీటిమట్టం కొలవడానికి మాత్రమే వేసిన బోరు. అందులోంచి వచ్చే ఒక్క అంకె మీద ఆ మండలంలో కొత్త బోర్లకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్నదీ, వేసవిలో తాగునీటి ట్యాంకర్లకు ముందే ఏర్పాట్లు చేసుకోవాలా అన్నదీ ఆధారపడి ఉంటాయి. ఆ ఊరి రైతు యాసంగిలో ఎన్ని ఎకరాలు నాటాలన్నది కూడా దాని మీదే ఆధారపడాలి. ఆ అంకె రైతుకు వేళకు చేరక చాలా నష్టం జరుగుతోంది.

2024 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి తోడుతున్న భూగర్భజలం 245.64 ఘన కిలోమీటర్లు. మనకు అలవాటైన లెక్కలో దాదాపు 8,670 టీఎంసీలు. నాగార్జునసాగర్ ఇప్పటి నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు కాబట్టి, అలాంటి జలాశయాలు 27 నింపినా ఇంకా మిగిలేంత నీరు. ఇందులో 87 శాతం సేద్యానికే పోతోంది. సాగర్ గేట్ల దగ్గర ఇంజనీర్లు గంటగంటకూ మట్టం రాస్తారు. భూగర్భజలానికి అలాంటి గేటు లేదు. 2017-18లో జరిగిన చిన్నతరహా నీటివనరుల గణనలో బావులూ బోర్లూ కలిపి రెండు కోట్లకు పైగా లెక్క తేలాయి. ప్రతి బోరుకూ ఒక స్టార్టరు, ప్రతి స్టార్టరు వెనకా ఒక రైతు సొంత నిర్ణయం. ఇంత చెదిరిన వనరును కాపాడుకోవాలంటే ముందు నమ్మదగిన కొలత కావాలి.

కేంద్ర భూగర్భజల మండలి దేశమంతటా ఎంపిక చేసిన పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టం కొలుస్తుంది: జనవరిలో, వేసవిలో వానలకు ముందు, ఆగస్టులో, నవంబరులో. వేసవి కొలత నీళ్లు అడుగంటిన స్థితిని చూపిస్తుంది, నవంబరు కొలత వానలు నింపిన స్థితిని. రాష్ట్రాల భూగర్భజల శాఖలు తమ పీజోమీటర్లలో నెలనెలా కొలుస్తాయి. 1995లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మన దగ్గర పీజోమీటర్లలో ఆటోమేటిక్ రికార్డర్లు వాడుకలోకి రావడానికి దారి వేసింది ఆ ప్రాజెక్టే.

ఎక్కడ కొలవాలన్నది మొదటి చిక్కు. మొదట్లో పరిశీలక బావులుగా ఎంచుకున్నవి ఎక్కువగా ఊళ్లలోని తవ్వుడు బావులు. అవి నిండుగా ఉన్న రోజుల్లో ఆ ఎంపికలో తప్పు లేదు. మట్టం 12 మీటర్ల కిందికి దిగాక 12 మీటర్ల లోతున్న బావిలో కొలవడానికి ఏమీ మిగలదు. అప్పుడు రికార్డులో ఆ గడిని ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక ప్రాంతంలో ఐదు బావులున్నాయి, మట్టాలు 5, 7, 9, 11, 13 మీటర్ల లోతున ఉన్నాయి. సగటు 9. మరుసటి ఏడాది అన్నింటిలోనూ మట్టం మీటరు దిగింది. మొదటి మూడు బావుల్లో 6, 8, 10 మీటర్లు. మిగిలిన రెండింటి అడుగులు 11.5, 13.5 మీటర్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి అవి ఎండిపోయాయి. ఎండినవి వదిలేసి మూడింటికే సగటు తీస్తే 8 మీటర్లు వస్తుంది. ప్రతి బావిలోనూ నీళ్లు మీటరు దిగితే, రికార్డులో మాత్రం మట్టం మీటరు పైకొచ్చింది!

ఇది ఊహకు మాత్రమే అందే చిక్కు కాదు. దక్షిణ భారతంలో మట్టాలు పెరుగుతున్నాయని గణాంకాలు చెబుతుంటే, ఊళ్లలో బావులు వరసగా ఎందుకు ఎండిపోతున్నాయన్న ప్రశ్న మీద 2019లో వెలువడిన పరిశోధన, ఎండిన బావులు లెక్కలోంచి జారిపోవడాన్ని ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపించింది. ఈ తప్పు సరిదిద్దడానికి పైసా ఖర్చు లేదు. బావి ఎండితే గడి ఖాళీగా వదలకూడదు, సున్నా అసలే రాయకూడదు. 'ఎండింది, అడుగు 11.5 మీటర్లు' అని రాయాలి. సగటుకు బదులు మధ్య విలువ, అంటే అంకెలను వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది, తీసుకోవాలి. పై ఉదాహరణలో ఎండిన రెండింటినీ '10 కంటే లోతు' అని వరసలో చివర పెడితే మధ్య విలువ 10 వస్తుంది. నిరుడు మధ్య విలువ 9. మీటరు దిగిందన్న నిజం అలాగే బయటపడుతుంది.

కొలిచే పని చూడ్డానికి తేలిక. స్టీలు టేపు చివరి రెండు మీటర్లకు సుద్ద రుద్ది బోరులోకి దించుతారు. గొట్టం అంచు మీద పెయింటుతో పెట్టిన గుర్తు దగ్గర టేపు సరిగ్గా 15 మీటర్ల గీతకు వచ్చేలా పట్టుకుని, పైకి లాగి తడిసిన మేర చూస్తారు. సుద్ద 0.64 మీటరు దాకా తడిస్తే నీళ్లు గుర్తు నుంచి 14.36 మీటర్ల కింద ఉన్నట్టు. గుర్తు నేలకు అర మీటరు ఎత్తున ఉంటే అది తీసేసి, నేల మట్టం నుంచి 13.86 మీటర్లు అని రాస్తారు. రెండుసార్లు కొలిస్తే తేడా ఒకటి రెండు సెంటీమీటర్లకు మించకూడదు. మించితే నీళ్లింకా కదులుతున్నాయని అర్థం, దగ్గర్లో ఏదో మోటారు నడుస్తోంది. బీప్ కొట్టే ఎలక్ట్రిక్ టేపుతో పని త్వరగా అవుతుంది. అయితే గొట్టం గోడ వెంట పైపొర నుంచి కారే నీటి ధార తగిలినా అది మోగుతుంది. వానాకాలంలో ఇలా పైన మోగిన బీపునే మట్టంగా రాసేసిన రికార్డులు ఉంటాయి. నెల తేడాలో మట్టం 10 మీటర్లు ఎగబాకి, పై నెలలో మళ్లీ పడిపోయినట్టు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

కొలిచే వేళ కూడా ముఖ్యం. రైతుల బోర్లలో కొలిచేటప్పుడు, నడుస్తున్న మోటారు పక్కన తీసిన అంకె మట్టం కాదు, ఆ బోరు చుట్టూ పడిన గుంత లోతు. కరెంటు వచ్చే ముందు, తెల్లవారకముందే కొలిస్తే నిలకడ మట్టం దొరుకుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక మోటార్లన్నీ ఆగే వేళంటూ లేదు. అక్కడ మోటార్లకు దూరంగా ఉన్న పీజోమీటర్ల విలువ మరింత పెరిగింది. కొలిచిన వేళ, చుట్టూ 200 మీటర్లలో ఎన్ని మోటార్లు నడుస్తున్నాయన్నది అంకె పక్కనే రాయాలి. ఆ రెండు మాటలు లేని అంకె పదేళ్ల తరవాత చూసేవాళ్లకు పనికిరాదు.

గొట్టం అంచు గుర్తు గురించీ చెప్పాలి. బడి ఆవరణలో మట్టి పోసి ఎత్తు చేస్తారు, లేదా రోడ్డు వేసేటప్పుడు గొట్టం కోసి పొట్టి చేస్తారు. అప్పటి నుంచి ప్రతి కొలతలో 30, 40 సెంటీమీటర్ల తేడా శాశ్వతంగా చేరిపోతుంది. గ్రాఫులో చూస్తే ఒక రోజు హఠాత్తుగా మెట్టు దిగినట్టో ఎక్కినట్టో ఉంటుంది. నీళ్లు అలా మెట్లు ఎక్కవు. వాన తరవాత రోజుల తరబడి పెరుగుతాయి, పంట కాలంలో నెలల తరబడి దిగుతాయి.

ఆటోమేటిక్ రికార్డరు అంటే బోరులో కేబులుకు వేలాడే పీడన సెన్సరు. పైనున్న నీటి బరువును కొలిచి, కొన్ని గంటలకోసారి సిమ్ ద్వారా సర్వరుకు పంపుతుంది. మనిషి నెలకోసారి వెళ్లే చోట రోజుకు నాలుగు అంకెలు రావడం పెద్ద లాభం. వాన కురిసిన ఎన్నో రోజున మట్టం కదిలిందో, పక్క ఊరి మోటార్లు ఏ వేళకు నడిచాయో కూడా ఆ గీతలో కనిపిస్తుంది. కానీ దానికీ జబ్బులున్నాయి. బయటి గాలిని సెన్సరు దాకా తెచ్చే సన్నటి గాలి గొట్టం లేకపోతే, అది నీటి బరువుతోపాటు గాలి బరువునూ కలిపి కొలుస్తుంది. గాలి పీడనం ఒక హెక్టాపాస్కల్ మారితే లెక్కలో దాదాపు ఒక సెంటీమీటరు నీరు మారుతుంది. బంగాళాఖాతంలో తుపాను తీరం దాటేటప్పుడు పీడనం 20 హెక్టాపాస్కల్స్ పడిపోతే, పైన కుండపోత వాన పడుతుండగానే రికార్డరు మట్టం 20 సెంటీమీటర్లు దిగిందని చూపిస్తుంది. దగ్గర్లో గాలి పీడనం కొలిచే రికార్డరు ఒకటి పెట్టి, ఆ తేడా తీసేయాలి. గాలి గొట్టం ఉన్న సెన్సర్లలో తేమ పీల్చే గుళికలు నిండిపోతే గొట్టంలో నీటి చుక్క అడ్డుపడి మళ్లీ అదే తప్పు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వారాల తరబడి ఒకే అంకె వస్తుంటే మట్టం నిలకడగా ఉందని సంతోషించకూడదు. నీళ్లు సెన్సరు కిందికి దిగిపోయి, అది గాలిలో వేలాడుతోందేమో చూడాలి. మూడు నెలలకోసారైనా మనిషి వెళ్లి టేపుతో కొలిచి పోల్చకపోతే, ఈ పరికరం తప్పును కూడా ఎంతో కచ్చితంగా పంపుతూనే ఉంటుంది.

పీజోమీటరు కూడా ముసలిదవుతుంది. పూడిక చేరి పగుళ్లు మూసుకుపోతే అందులోని నీళ్లకు చుట్టూ ఉన్న రాతిపొరతో సంబంధం తెగిపోతుంది. పరీక్ష సులువు. ఆరున్నర అంగుళాల బోరులో 40 లీటర్ల శుభ్రమైన నీళ్లు ఒక్కసారిగా పోస్తే మట్టం దాదాపు 1.9 మీటర్లు పెరుగుతుంది. బాగున్న బోరులో అది కొద్ది గంటల్లో పాత స్థితికి వస్తుంది. మర్నాటికీ దిగకపోతే కంప్రెసరుతో గాలి కొట్టి కడగాలి. అప్పటికీ మారకపోతే ఆ బోరును జాబితాలోంచి తీసి, పక్కనే కొత్తది వేసి, రెండింటి రికార్డునూ విడివిడిగా ఉంచాలి.

ఇంత జాగ్రత్తగా కొలిచినా చేతికొచ్చేది లోతు మాత్రమే. ఎంత నీరుందో చెప్పాలంటే ఇంకో అంకె కావాలి, దాన్నే స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. ఘనపు మీటరు నేలలో నిండిన నీటిలోంచి తనంతట తాను జారి బావిలోకి వచ్చే భాగం అది. 1997 నాటి భూగర్భజల అంచనా కమిటీ ప్రమాణాల ప్రకారం ఇసుక ఒండ్రులో అది 16 శాతం, అంటే ఘనపు మీటరుకు 160 లీటర్లు. బంకమన్ను తక్కువగా ఉండే శిథిల గ్రానైటులో, అంటే కాలక్రమంలో చివికి మెత్తబడిన రాతిలో, 3 శాతం, బంక ఎక్కువైతే 1.5 శాతం. పగుళ్లు అంతగా లేని గట్టిరాతిలో 0.3 శాతం, అంటే 3 లీటర్లు. గోదావరి డెల్టాలో మట్టం ఒక మీటరు దిగడమూ, అనంతపురంలో ఒక మీటరు దిగడమూ ఒకటి కాదు. రెండింటినీ ఒకే రంగు పటంలో పక్కపక్కన చూపిస్తే చదివేవాళ్లు మోసపోతారు.

ఇక్కడే అసలు బలహీనత ఉంది. ఒక ఊరి విస్తీర్ణం వెయ్యి హెక్టార్లు, మే నుంచి నవంబరుకు మట్టం 14 మీటర్ల నుంచి 8 మీటర్లకు వచ్చింది అనుకుందాం. స్పెసిఫిక్ ఈల్డ్ 2 శాతం తీసుకుంటే, 6 మీటర్ల పెరుగుదలకు 12 లక్షల ఘనపు మీటర్ల నీరు చేరినట్టు. కొలతలో 10 సెంటీమీటర్ల తప్పు జరిగితే ఈ లెక్క రెండు శాతం కూడా మారదు. స్పెసిఫిక్ ఈల్డ్ 2 కాక 1.5 అయితే 9 లక్షలు, 3 అయితే 18 లక్షలు. రికార్డర్లు మిల్లీమీటర్లలో కొలుస్తున్నా, నీటి పరిమాణం మాత్రం పాత పట్టికలోని ఒక అంకె మీద ఊగుతోంది. కాబట్టి కొత్త సెన్సర్ల మీద పెట్టే ఖర్చులో కొంతైనా బోర్ల పంపింగ్ పరీక్షలకూ, వాన లేని నెలల్లో ఊరి మొత్తం తోడకాన్ని మట్టం తగ్గుదలతో పోల్చి ఆ శాతాన్ని రాబట్టే పనికీ పెట్టాలి.

ఈ అనిశ్చితి తెలుసు కాబట్టే అధికారిక పద్ధతిలో ఒక తనిఖీ ఉంది. మట్టం పెరుగుదల నుంచి తీసిన రీఛార్జిని, అంటే నేలలోకి ఇంకిన నీటిని, వానలో ఇంత శాతం ఇంకుతుందన్న రెండో లెక్కతో పోలుస్తారు. తేడా 20 శాతం లోపు ఉంటే మొదటి లెక్కే తీసుకుంటారు. మించితే రెండో లెక్కకు 0.8 రెట్లు లేదా 1.2 రెట్లు దగ్గర ఆపేస్తారు. ఇంత ఇంకుతోంది, ఇంత తోడుతున్నాం అన్న నిష్పత్తిని బట్టి ప్రాంతాలను విడదీస్తారు. 70 శాతం దాకా సురక్షితం, 90 దాకా పాక్షిక సంకటం, 100 దాకా సంకటం, ఆపైన మితిమీరిన వాడకం. 2024లో దేశంలోని 6,746 విభాగాల్లో 751 మితిమీరిన జాబితాలో ఉన్నాయి. దేశ సగటు 60 శాతం దగ్గరుంది. ఆంధ్రప్రదేశ్ సగటు అంతకంటే బాగా తక్కువ. అయితే ఆ సగటులో కృష్ణా, గోదావరి కాలువల కింద ఇంకే నీరు కలిసి ఉంది. రాయలసీమలో ఎండిన బోరు ముందు నిలబడ్డ రైతుకు ఆ నీటిలో ఒక్క చుక్కా రాదు.

పైనుంచి చూసే ఉపగ్రహాలూ సాయపడ్డాయి. 2002లో కక్ష్యలోకి వెళ్లిన గ్రేస్ జంట ఉపగ్రహాలు 2017 దాకా, నీటి బరువు మారితే భూమ్యాకర్షణలో వచ్చే తేడాలను కొలిచాయి. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల నీరు తగ్గిపోయిందని ఆ సమాచారంతోనే తేలింది. పంజాబ్ 2009లో నిర్ణీత తేదీకి ముందు వరి నాట్లు వేయకూడదని చట్టమే చేసింది. అయితే అలాంటి ఉపగ్రహం చూపు వందల కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది. ఒక మండలం మాట అది చెప్పలేదు. ఊరి లెక్క ఊరి బావిలోనే తీయాలి.

గట్టిరాతి నేలల సంగతి కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం ఇదే. హైదరాబాద్ దగ్గరి మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాలు నేల కింది అమరికను చక్కగా చూపించాయి. పైన పది ఇరవై మీటర్ల శిథిల పొర, అది నీళ్లు నిలవచేసే గది. దాని కింద పగుళ్ల పొర, అది నీళ్లు నడిపే దారి. ఉపయోగపడే పగుళ్లలో ఎక్కువ భాగం 35, 40 మీటర్ల లోపే అయిపోతాయి. ఆ కింద పగులు తగలడం తగ్గుతుంది, తగిలినా అందులో నిల్వ కొద్దిగానే ఉంటుంది. శిథిల పొరలో మట్టం మీటరు దిగితే 20 మిల్లీమీటర్ల మందం నీరు వచ్చినట్టు. కింది గట్టిపొరలో మీటరు దిగితే 3 మిల్లీమీటర్లే. అందుకే ఫిబ్రవరి దాకా నిదానంగా దిగిన మట్టం, శిథిల పొర ఖాళీ కాగానే మార్చిలో ఒక్కసారిగా జారిపోతుంది. మోటారు ఆగి ఆగి పోస్తుంది. వరి పొట్టదశలో ఉంటుంది. అప్పుడు అప్పు చేసి వెయ్యి అడుగుల బోరు వేయిస్తే వచ్చేది ఎక్కువసార్లు తెల్లటి పొడి. తగిలినా అది పక్క రైతు బోరుకు అందుతున్న పగులే కావచ్చు. ఈ వరసలో ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. బోరు ఎంత లోతుకు వేయాలన్నది పంతం మీద కాక, రాతిపొర చెప్పిన దాని మీద తేలాలి.

తోడకం లెక్క ఇంకా మసకగా ఉంది. ఎన్ని బోర్లు, ఒక్కోటి రోజుకు ఎన్ని గంటలు, ఎంత పోస్తుంది అన్నవి గుణించి అంచనా వేస్తారు. పోత కొలవడానికి డ్రమ్ము, గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్ము 80 సెకన్లలో నిండితే సెకనుకు 2.5 లీటర్లు. రోజుకు 7 గంటలు నడిస్తే 63 ఘనపు మీటర్లు, 120 రోజుల పంటకు 7,560. యాసంగి వరికి మడిలో 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరాకు దాదాపు 4,900 ఘనపు మీటర్లు. 500 మిల్లీమీటర్లతో వేరుశనగ అయితే దాదాపు 2,000. కాబట్టి ఆ బోరు కింద వరి ఎకరన్నర, వేరుశనగ మూడుముప్పావు ఎకరాలు దాటదు. అదీ చివరి దాకా పోత తగ్గకపోతేనే. నాటేముందు నవంబరులో కొలిచిన పోతను కాక, నిరుడు మార్చిలో ఉన్న పోతను బట్టి ఎకరాలు తేల్చుకోవడం క్షేమం.

ఊరి మొత్తానికి విద్యుత్తు ఫీడరు, అంటే ఊరి మోటార్లకు కరెంటు తెచ్చే లైను, దాని మీటరు మంచి సాక్షి. 60 మీటర్ల లోతు నుంచి, 35 శాతం సామర్థ్యంతో తోడే మోటారు యూనిట్‌కు దాదాపు రెండు ఘనపు మీటర్ల నీరు పోస్తుంది. సేద్యపు ఫీడరు మీద నెలకు లక్ష యూనిట్లు కాలితే రెండు లక్షల ఘనపు మీటర్లు పైకి వచ్చినట్టు. ఉచిత విద్యుత్తు వద్దనాల్సిన పని లేదు. ఫీడరు అంకెను భూగర్భజల శాఖకు నెలనెలా ఇస్తే చాలు, రాష్ట్రమంతటా తోడకం ఇప్పటికంటే ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. ఆటోస్టార్టర్లు తీసేయడమూ ఇలాంటి చిన్న, గట్టి అడుగే. కరెంటు రాగానే ఎవరూ లేకుండా నడిచే మోటారు, నిండిన మడి మీదే మళ్లీ నీళ్లు పోస్తుంది.

చట్టం సంగతి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వచ్చిన ఆలోచన ప్రకారం నేల ఎవరిదో, కింది నీరు తోడుకునే హక్కు వారిదే. దీనికి కళ్లెం వేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా వచ్చింది. బావుల నమోదు, కొత్త బోరుకు అనుమతి, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బోరు వేయకూడదన్న నిబంధన, రిగ్గుల నమోదు, అన్నీ అందులో ఉన్నాయి. అమలు మాత్రం బలహీనం. రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి, తెల్లారేసరికి బోరు పడిపోతే, రైతును శిక్షించడానికి ఏ అధికారికీ మనసు రాదు, రాకూడదు కూడా. పట్టు దొరికేది రిగ్గు దగ్గర. బోర్లు లక్షల్లో ఉన్నా రిగ్గులు వేలల్లోనే ఉంటాయి. ప్రతి రిగ్గుకూ జీపీఎస్ ఉండి, వేసిన ప్రతి బోరు చోటు, లోతు, పొరల వివరం, తగిలిన నీళ్లు, ఫెయిలైన సంగతి కూడా శాఖకు పంపడం షరతు చేస్తే, ఆ సమాచారమే రేపటి రైతును దండగ ఖర్చు నుంచి కాపాడుతుంది. ఫెయిలైన బోర్ల లెక్క మన దగ్గర దాదాపుగా ఎక్కడా పోగవడం లేదు.

నీటిని ఇంకించే పనుల మీద అందరికీ ఇష్టం ఉంది. ఆ ఇష్టానికి అంకె తోడవ్వాలి. అధికారిక ప్రమాణం ప్రకారం చెరువు నుంచి రోజుకు 1.4 మిల్లీమీటర్లు ఇంకుతుంది. 20 హెక్టార్ల నీటి విస్తీర్ణం 100 రోజులు నిలిస్తే 28 వేల ఘనపు మీటర్లు. మడిలోంచి తిరిగి ఇంకేది పోను, ఇది యాసంగి వరి తొమ్మిది ఎకరాల నికర అవసరానికి సమానం. చెరువు పూడిక తీయడం అవసరమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చాలాచోట్ల చెరువు కింది బావులకు ఊట పెరిగింది. అయితే ఒక చెరువును చూపి వంద ఎకరాల వరి పెంచితే ఆ లెక్క కుదరదు. చెక్‌డ్యాంల అడుగున ఒండ్రు పేరుకుంటే ఇంకుడు పడిపోతుంది, రెండు మూడేళ్లకోసారి తీయాలి. డ్రిప్పు కూడా అంతే. ఆదా అయిన నీటితో మరో రెండెకరాలు పెంచితే భూమిలో మిగిలేదేమీ ఉండదు.

కోస్తాలో లోతు కంటే ఉప్పు ముఖ్యం. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైనుంటే, ఉప్పునీటి హద్దు సిద్ధాంతరీత్యా దాదాపు 40 మీటర్ల కింద ఉంటుంది. పైన అర మీటరు తగ్గితే కింద ఆ హద్దు 20 మీటర్లు ఎగబాకుతుంది. అందుకే అక్కడ వేర్వేరు లోతుల్లో రెండు మూడు పీజోమీటర్లు పక్కపక్కనే వేసి, మట్టంతోపాటు, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుద్వాహకత కొలుస్తారు. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందేమో చూడాలి. నమూనా తీసేముందు బోరులో నిలిచిన నీటికి మూడింతలు తోడి పారబోయాలి. లేకపోతే సీసాలోకి వచ్చేది గొట్టంలో నెలల తరబడి నిలవున్న నీరే.

ఈ అంకెలన్నీ ఊరి చేతికి వస్తే ఏమవుతుందో చూపిన అనుభవం మన దగ్గరే ఉంది. 2003 తరవాత నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే ప్రాజెక్టు నడిచింది. ఆరు వందలకు పైగా ఆవాసాల్లో రైతులు, ఆడవాళ్లు కూడా, రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల మట్టం కొలిచారు, బోర్ల పోత కొలిచారు. ఖరీఫ్ చివర, యాసంగి విత్తనం కొనకముందే, ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని ఊళ్లన్నీ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసేవారు. ఎవరినీ వరి వేయొద్దనలేదు, జరిమానాలు లేవు. ఇంత నీరుంది, మీరంతా అనుకున్న పంటలకు ఇంత కావాలి, ఇంత తక్కువ పడుతోంది అని అందరి ముందు అంకె పెట్టేవారు. చాలా పరీవాహక ప్రాంతాల్లో రైతులు తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

ఆ బడ్జెట్ ఎలా వేస్తారో పై ఊరి మీదే చూద్దాం. నిల్వ 12 లక్షల ఘనపు మీటర్లు. 3,000 మంది జనానికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 60 వేలు ముందే పక్కన పెట్టాలి. వాగుల్లోకి తనంతట పోయే నీటికి పది శాతం, అంటే 1.2 లక్షలు తీసేస్తే 10.2 లక్షలు మిగులుతాయి. వరికి ఎకరాకు పెట్టే 4,900లో, మట్టం 10 నుంచి 25 మీటర్ల మధ్య ఉంటే 35 శాతం తిరిగి ఇంకుతుందని లెక్క, నికరంగా 3,200 పోతుంది. అంటే ఊరంతా కలిపి వరి 320 ఎకరాలు. వేరుశనగ అయితే 15 శాతం తిరిగి చేరడం పోను ఎకరాకు 1,700 చొప్పున 600 ఎకరాలు. ఊరి విస్తీర్ణం దాదాపు 2,470 ఎకరాలు. తమ వాటా ఎంతో బోర్లున్న రైతులకు అప్పుడు తెలుస్తుంది.

అక్టోబరు చివరికి అప్పటి మట్టంతో ఈ లెక్కంతా పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి: మేలో మట్టం, ఇప్పటి మట్టం, తాగునీటికి తీసిపెట్టింది, మిగిలింది, వరైతే ఎన్ని ఎకరాలు, ఆరుతడైతే ఎన్ని. దాని కింద ఒక గీత గీసి జనవరి కొలతకు ఖాళీ వదలాలి. మే మట్టం 14 మీటర్ల కిందికి దిగకూడదంటే, జనవరి చివరికి 11 మీటర్ల దగ్గర ఉండాలి. అప్పటికే 12.5 ఉంటే, వేసిన పంటను కాపాడుకోవడానికి ఇంకా ఒక నెల వ్యవధి ఉంటుంది. మడిలో నిలవ నీరు పెట్టకుండా తడి, ఆరుబెట్టే పద్ధతికి మారవచ్చు, పోత బాగున్న బోరు నుంచి పక్క చేనుకు పైపు వేసి ఒకటి రెండు తడులు పంచుకోవచ్చు. ఫిబ్రవరి దాటాక ఆ గోడ మీద ఏం రాసినా, చేతిలో మిగిలే దారి కొత్త బోరు ఒక్కటే.